ముప్పై రెండు దెబ్బల జాగ

శివమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడదు. కోపమా అంటే కోపం లేదు, చిన్నచూపా అంటే అదీ లేదు. పాల్మాకులలో ఆమె వయసు ఆడవాళ్లు అల్లుడికి ఎదురుపడరు, అంతే. అతను వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు వినిపిస్తే చాలు, కొంగు తల మీదికి వచ్చేది, మనిషి వంటింట్లోకి వెళ్లేది. చెప్పవలసింది ఏదైనా ఉంటే కూతురు కళ్యాణితో చెప్పించేది. కూతురు ఇంట్లో లేకపోతే నల్లకోడికి చెప్పేది.

"ఓ కోడీ! బువ్వ ఉడికింది. పప్పు పొయ్యి మీదనే ఉన్నది. డ్యూటీ నుంచి వచ్చినోళ్లు కాళ్లు కడుక్కుంటే మంచిగుంటది."

అల్లుడు అరుణ్‌కుమార్ కూడా గడుసువాడే. "కోడీ, కడుక్కుంటున్న అని చెప్పు మీ అమ్మకు" అనేవాడు.

కోడి ఇద్దరినీ మార్చి మార్చి చూసి గింజల కోసం పోయేది.

అతనిది కొత్తూరు. ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడే అందులో పనికి చేరాడు. విమానాలలోకి వెళ్లే సూట్‌కేసులు బెల్టు మీద వస్తుంటే చూసుకోవడం అతని పని. పెళ్లయ్యాక డ్యూటీ బస్సు దగ్గరని పాల్మాకులలోనే ఉండిపోయాడు. "మీ అల్లుడు ఇల్లరికమా శివమ్మా?" అని ఎవరైనా అడిగితే పక్కింటి రాములమ్మ అందుకునేది: "ఇల్లరికం కాదే, డ్యూటీ అల్లుడు. బస్సు ఏడ ఆగితే ఆడ దిగిండు."

ఆ డ్యూటీ అల్లుడికి ఒక పిచ్చి ఉంది. డీజే పాటలు తయారు చేయడం. ముందు గదిలో పాత కంప్యూటరు, రెండు పెద్ద బాక్సులు పెట్టుకుని, ఊళ్లో ఆడవాళ్లు పాడుకునే పాటలకు కింద ధనధనమని బీటు వేసేవాడు. కుర్రకారు వాటిని సెల్లులో ఎక్కించుకుని తిరిగేవారు. కానీ ఒక్క డీజే కూడా ఊరేగింపు బండి మీద వాటిని పెట్టేవాడు కాదు. ఎందుకో అరుణ్‌కు అర్థమయ్యేది కాదు. "కుళ్లు" అనేవాడు. కళ్యాణి "అంతేలే" అనేది. శివమ్మ కోడితో కూడా ఏమీ అనేది కాదు. ఆమెకు ఆ పాటలలో ఏదో ఇరుకుగా ఉన్నట్టు అనిపించేది. ఏమిటో చెప్పడానికి మాట దొరికేది కాదు.

శివమ్మ చదివింది రెండో తరగతి. అయినా లెక్కకు లోటు లేదు. బొటనవేలితో మిగిలిన నాలుగు వేళ్ల గీతలు ఎంచుకుంటూ పోతుంది. వేలికి మూడు గీతలు, పైన కొస ఒకటి, వెరసి నాలుగు. నాలుగు వేళ్లకు పదహారు. రెండు చేతులకు ముప్పై రెండు. ఈ లెక్క నేర్పింది ఆమె పెనిమిటి శంకరయ్య. ఆయన డప్పు కొట్టేవాడు.

బోనాల నాడు ఊళ్లో రెండు డప్పు జట్లు ఉండేవి. పై వాడ జట్టుకు శంకరయ్య పెద్ద, కింది వాడ జట్టుకు మొగులయ్య పెద్ద. నాలుగు బాటల దగ్గర ఒక జట్టు ఆపాలి, రెండో జట్టు అందుకోవాలి. అయితే తల మీద బోనం ఎత్తుకున్న ఆడవాళ్ల అడుగు మాత్రం ఆగకూడదు, తడబడకూడదు. తడబడితే కుండ ఒరుగుతుంది, పైన వెలిగే దీపం ఆరుతుంది. అందుకని శంకరయ్య నాలుగు బాటలు కనపడగానే తన సోకు దరువులన్నీ మానేసి, వట్టి దెబ్బ వేసేవాడు. చిన్నపిల్ల కూడా అడుగు కలపగలిగే వట్టి దెబ్బ, సరిగ్గా ముప్పై రెండు. ఆ ముప్పై రెండులో మొగులయ్య మెల్లగా వచ్చి కలిసేవాడు. రెండో చేతి కొసకు వచ్చేసరికి శంకరయ్య తప్పుకునేవాడు. ఎవరు ఎప్పుడు ఆపారో, ఎవరు ఎప్పుడు అందుకున్నారో బోనం ఎత్తినవాళ్లకు తెలిసేది కాదు. బోనం ఎత్తినవాళ్లలో శివమ్మ ఒకతె. ఆమెకు మాత్రం తెలిసేది. కొంగు చాటున వేళ్లు ఎంచుకునేది కదా.

శంకరయ్య పోయి రెండేళ్లు. మూడు రోజుల జ్వరం. డప్పును గోడకు తగిలించింది. అది మొదలు ఆమె పాట లేదు, బోనం లేదు. బోనాలు వచ్చినప్పుడు తలుపు దగ్గరగా వేసుకుని లోపల బియ్యం చెరుగుతూ కూర్చునేది. చెరిగిన బియ్యమే మళ్లీ చెరిగేది.

రెండువేల పదమూడు ఆషాఢంలో ఒక మధ్యాహ్నం అలాగే చేట పట్టుకుని కూర్చుంది. ముందు గదిలో అల్లుడు ఏదో పాట తిప్పుతున్నాడు. ధనధనల కింద నుంచి ఒక దెబ్బ వినిపించింది. శివమ్మ చేట ఆగింది.

కుడి చేతి చిర్ర దెబ్బ గట్టిగా, వెనుకనే ఎడమ చేతి సన్నపుల్ల కొంచెం ఆలస్యంగా. ఎడమ భుజం నొప్పి ఉన్న మనిషి దెబ్బ. లోకంలో అలా కొట్టేవాడు ఒక్కడే.

"కళ్యాణీ!" అని పిలిచింది. కళ్యాణి వంటింట్లోకి వచ్చేసరికి తల్లి కళ్లలో నీళ్లు, ముఖంలో నవ్వు. "గది మీ బాపు కాదే?"

"బాపే అమ్మా. మా పెండ్లిల బాపు డప్పు కొట్టిండు చూడు, అప్పుడు ఈయన సెల్లుల పట్టుకున్నడట. పీటల మీద కూసోని! నాకే తెల్వదు."

శివమ్మకు ఆ రోజు కళ్లకు కట్టింది. పెళ్లికూతురి తండ్రి డప్పు కొట్టడమేమిటని చుట్టాలు నోళ్లు నొక్కుకున్నారు. శంకరయ్య వినలేదు. కండువా నడుముకు చుట్టి పందిట్లో మొదలుపెట్టాడు. తను పోయి అందరి ముందూ తిట్టింది కూడా.

"ఆదివారం మనూరి బోనాలకు రాజేంద్రనగర్ ప్రేమ్ రాజ్ అన్న బండి వస్తున్నదట. ఈ పాట ఆ బండి మీద రావాల్నని ఈయన పట్టు" అన్నది కళ్యాణి.

ఆ క్షణం నుంచి అల్లుడి పట్టు ఆమె పట్టు కూడా అయింది. ఆయన దెబ్బ మళ్లీ పాల్మాకుల బాట మీద మోగాలి. ఒక్కసారైనా మోగాలి.

గురువారం పొద్దున ప్రేమ్ రాజ్ మోటారు సైకిలు మీద వచ్చాడు. మెడలో శిలువ గొలుసు, దాని మీద హెడ్‌ఫోను. క్రిస్మస్ ర్యాలీ అయినా బోనాలైనా పెళ్లి బరాత్ అయినా ఆ పక్కల అతని బండే ముందు. అరుణ్ పాట వినిపించాడు. కళ్యాణి చాయ్ ఇచ్చి నిలబడింది. శివమ్మ కర్టెను వెనుక నిలబడింది.

ప్రేమ్ రాజ్ తల ఊపుతూ విన్నాడు. "డప్పైతే కడక్ ఉన్నదన్నా. ఎవరిదిది?"

"మా మామది."

"మస్తు చెయ్యి. గని బండి మీద నడవది పాట."

"ఎందుకు నడవది?"

"లోపటికి రానిస్తలేదన్నా. ఇగో చూడు." అతను తన లాప్‌టాప్ తీశాడు. ఒక పాట నడుస్తుండగా దాని మీదికి అరుణ్ పాట మెల్లగా తేబోయాడు. అరుణ్ పాట మొదలవడమే "డీజే అరుణ్! డీజే అరుణ్! పాల్మాకుల పులి!" అనే అరుపుతో మొదలైంది. ముందు నుంచి నడుస్తున్న పాటలో ఆడగొంతు పాడుతుంటే ఈ పులి దాని మీద పడి గాండ్రించింది. ఆ అరుపు ముగిసిందో లేదో అరుణ్ పాట ఉరికి వచ్చింది. రెండు పాటలు నల్లా దగ్గర బిందెల కోసం కొట్లాడుకున్నట్టు కొట్లాడుకున్నాయి.

కళ్యాణి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"విన్నవా?" అన్నాడు ప్రేమ్ రాజ్. "ఆడే జనం కాళ్లు ఆగకుండ ఒక పాటల నుంచి ఇంకో పాటలకు తీస్కపోవాలె నేను. నీ పేరు ఐపోంగనే నీ పాట మీద పడుతది. ఎప్పుడు కలపాలె? నడుమలనేమో ఇరవై ఏడో దెబ్బకు ఒకటి మారుతది, ఇంకో ముప్పై తొమ్మిదికి ఒకటి. కాళ్లు ఒకటనుకుంటయి, నీ పాట ఇంకోటి చేస్తది. ఆఖరుకు ధడాల్న బంద్."

"బాంబు పేలినట్టుంటదని పెట్టిన."

"బాంబు పేల్నంక జనం ఇంటికి పోతరన్నా! నాకు ఉండాలె కదా వాళ్లు."

అరుణ్ ముఖం చిన్నబోయింది. ప్రేమ్ రాజ్ చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "జర ముంగట ఖాళీ ఇడువు, ఎన్కల ఖాళీ ఇడువు. శనివారం పొద్దుగూకే యాల్లకు ఇస్తే తప్పకుండ పెడ్త. మామ చెయ్యి మీద ఒట్టు." అంటూనే బండి తన్ని పోయాడు.

అరుణ్ ఆ పూటంతా కూర్చుని పాటను దిద్దాడు. శుక్రవారం శంషాబాద్ బస్టాండు దగ్గర ప్రేమ్ రాజ్‌కు ఇచ్చి వచ్చాడు. గంట గడవకముందే ఫోను. ఫోను గట్టిగా పెట్టుకోవడం అరుణ్‌కు అలవాటు కనుక ఇల్లంతా వినిపించింది.

"అన్నా, పాట ఏది? ఏమొస్తలేదు!"

"వస్తదే. జరసేపు ఆగు. ముంగట ఖాళీ ఇడువుమంటివి కదా? పదిహేను సెకండ్లు ఖాళీ పెట్టిన."

అవతల నవ్వు. ఆగని నవ్వు. "గప్‌చుప్ పెట్టినవా? అన్నో! నడి బజార్ల గప్‌చుప్ అయితే కరెంటు పోయిందనుకుంటరు, జెనరేటరోన్ని కొడతరు!"

ప్రేమ్ రాజ్ ఎవరో పిలిస్తే ఫోను పెట్టేశాడు. అరుణ్ కంప్యూటరు మూసి కళ్యాణితో మెల్లగా అన్నాడు: "ఇడువుమంటే ఇడిచిన. ఇడిస్తే నవ్వుతుండు. ఇగ నాతోని కాదు. ఆదివారం దాటినంక బాక్సులు సజ్జ మీద పెడ్త. సూట్‌కేసులు మోసుకునేటోనికి పాటలెందుకు?"

కర్టెను వెనుక శివమ్మకు తోచింది. సరిగ్గా తోచింది. ఇన్నాళ్లూ దొరకని మాట దొరికింది. కానీ అది అల్లుడికి చెప్పాలి కదా!

శనివారం పొద్దున కళ్యాణి బోనం కుండకు సున్నం, పసుపు, కుంకుమ తేవడానికి శంషాబాద్ పోయింది. అరుణ్‌కు సెలవు. హెడ్‌ఫోను చెవులకు తగిలించుకుని, పాటలన్నీ ఒకచోట కట్టకట్టి మూసిపెట్టే పనిలో ఉన్నాడు.

శివమ్మ కర్టెను పక్కకు వచ్చింది. కోడి ఎదురుగా ఉంది.

"ఓ కోడీ, ఖాళీ అంటే గప్‌చుప్ కాదు అని చెప్పు."

కోడి విన్నది. అల్లుడు వినలేదు.

"ఓ కోడీ! మీ మామ నాలుగు బాటల కాడ ఏం చేస్తుండెనో యాది తెచ్చుకొమ్మను!"

కోడి భయపడి రెండడుగులు వెనక్కి వేసింది. హెడ్‌ఫోనులో అల్లుడు ఎక్కడో ఉన్నాడు.

"ఓ కోడీ! మా అల్లునికి చెవుడొచ్చిందా?" అని గట్టిగా అన్నది శివమ్మ. కోడి ఎగిరి వాకిట్లో పడింది. ఇక చెప్పించుకోవడానికి కోడి కూడా లేదు.

శివమ్మ గోడ వైపు చూసింది. రెండేళ్ల దుమ్ముతో డప్పు. ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు ఇన్నాళ్లూ. ఇప్పుడు గబగబా దింపింది. కొంగుతో తుడిచింది. పొయ్యిలో రెండు జొన్న దంట్లు వేసి మంట చేసి, డప్పును దాని ముందు తిప్పుతూ కాచింది. తోలు వాసన లేచింది. ఆయన చొక్కా వాసన అది. వేలితో తట్టి చూస్తే తోలు బిగిసి టంగుమన్నది. కర్టెను వెనుక నిలబడి, చిర్ర ఒక చేత, సన్నపుల్ల ఒక చేత పట్టి మొదలుపెట్టింది.

వట్టి దెబ్బ. దరువు లేదు, సోకు లేదు. నడిచే మనిషి అడుగులా ఒకే తీరు దెబ్బ.

హెడ్‌ఫోను తీసి అరుణ్ లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం అతని ముఖం చూస్తే మామ గదిలోకి వచ్చాడేమో అన్నట్టుంది. కర్టెను కింద అత్తమ్మ పాదాలు కనిపించాయి. కదలకుండా విన్నాడు.

ముప్పై రెండు కొట్టి శివమ్మ ఆపింది. ఊపిరి తీసుకుంది.

"గిప్పుడు పాట రావాలె" అన్నది. కోడికి కాదు.

"అత్తమ్మా..." అన్నాడు అరుణ్. పెళ్లయిన మూడేళ్లలో ఆమె నేరుగా అతనితో మాట్లాడడం అదే మొదలు. "గది ఖాళీయే కదా అత్తమ్మా? నేను ఖాళీయే పెట్టిన కదా?"

"ఖాళీ కాదు బిడ్డా. జాగ."

"జాగనా?"

"ఖాళీ అంటే ఏం లేదు. జాగ అంటే వచ్చేటోని కోసం పెట్టింది. మీ మామ వట్టి దెబ్బ కొడుతుండె నాలుగు బాటల కాడ. మొగులయ్య జట్టు అండ్లకు వస్తుండె. గప్‌చుప్ అయితే బోనాలు కింద పడిపోవా? నువ్వేం చేసినవు? ముందుగాల వాకిట్ల మంచం ఏసుకొని పండుకున్నవు, పులి పులి అనుకుంట. ఎవడొస్తడు లోపటికి? ఇంకోపారి గప్‌చుప్ పెట్టి వాకిలే లేకుంట చేసినవు."

అరుణ్ నవ్వబోయి ఆగాడు. అతని కళ్ల ముందు ఏదో కదిలింది. "బెల్టు!" అన్నాడు.

"ఏం బెల్టు?"

"ఎయిర్‌పోర్టుల అత్తమ్మా. చిన్న బెల్టు మీంచి పెట్టె వచ్చి పెద్ద బెల్టు ఎక్కాలె. పెద్ద బెల్టు ఆగదు. దాని మీద పెట్టెకు పెట్టెకు నడుమ జాగ వస్తే చిన్న బెల్టు ఇడుస్తది. జాగ రాకుంటే పెట్టె మీద పెట్టె పడుతది. నేను రోజు చూసుకుంట నిలబడేది గదే!" తల మీద కొట్టుకున్నాడు. "బెల్టు నడవాలె. పెట్టెలే ఉండద్దు. దెబ్బ నడవాలె, పాటే ఉండద్దు!"

"ఆ. అంతే."

"ఎంత జాగ?"

శివమ్మ కర్టెను సందులో నుంచి రెండు అరచేతులు చాచింది. బొటనవేలు వేళ్ల గీతల మీద నడిచింది. "ఒక చెయ్యి, రెండో చెయ్యి. రెండు నిండినంక పాట. మళ్ల రెండు చేతులు నిండినంక ఏదన్న మార్చు. నడుమల మార్చకు. కాలుకు తెలుస్తది ఎప్పుడు మారుతదో. ఎళ్లిపోయేటప్పుడు కూడ రెండు చేతులు వట్టి దెబ్బ."

అరుణ్ కంప్యూటరు ముందు కూలబడ్డాడు. పెళ్లి నాటి రికార్డు మొదటి నుంచి తెరిచాడు. పాట చేసేటప్పుడు మొదలు పనికిరాదని కోసి పారేశాడు తను. వట్టి దెబ్బ, పందిట్లో జనం గోల తప్ప ఏముంది అనుకున్నాడు. ఇప్పుడు విన్నాడు. శంకరయ్య వట్టి దెబ్బ వేస్తున్నాడు. శివమ్మ కర్టెను వెనుక వేళ్లు ఎంచుతోంది. ముప్పై రెండు. పెళ్లి పందిట్లో కూడా ఆయన మొగులయ్యకు జాగ ఇచ్చాడు!

కానీ ఆ ముప్పై రెండులోనే, ఇరవయ్యో దెబ్బ మీద, ఆడగొంతు ఒకటి అడ్డం వచ్చింది. "పెండ్లికూతురు తండ్రివి! సిగ్గులేదా? డప్పు కింద పెట్టు!"

అరుణ్ రికార్డు ఆపాడు.

"గది తీసెయ్యి బిడ్డా" అన్నది శివమ్మ సన్నగా. "ఊరంత నవ్వుతది."

"ముంగటి నుంచి తీస్తనే అత్తమ్మా. జాగల మాట ఉండద్దు కదా" అన్నాడు అరుణ్ ఎంతో వినయంగా. ఆ వినయం చూసైనా ఆమెకు అనుమానం రావలసింది. రాలేదు.

ఆ గొంతు లేని దెబ్బలు పక్కనుంచి తెచ్చి అతికించాడు. మరో తంటా కూడా వచ్చింది. హుషారు ఎక్కేకొద్దీ శంకరయ్య వేగం పెరిగేది. చివరికి వచ్చేసరికి పాట ఉరికేది. "మీ మామ తాగకుంటనే ఉరుకుతుండె. జర గుంజి పట్టుకో" అన్నది శివమ్మ. అరుణ్ గుంజి పట్టి అంతా ఒక్క తీరుకు తెచ్చాడు. పులి అరుపు తీసేశాడు, కొంచెం బాధగానే. ఆఖరి బాంబు తీసేశాడు, ఇంకొంచెం బాధగా. కళ్యాణి సున్నం సంచితో తిరిగివచ్చేసరికి భర్త "ఒక చెయ్యి" అంటున్నాడు, తల్లి కర్టెను వెనుక నుంచి "రెండో చెయ్యి" అంటున్నది. నల్లకోడి గడపలో నిలబడి తన ఉద్యోగం పోయినట్టు చూస్తోంది.

"ఏందే ఇది! నేను గంట పోంగనే అత్త అల్లుడు ముచ్చట్లు పెట్టిన్రా?" అన్నది కళ్యాణి.

శివమ్మ కొంగు సవరించుకుని వంటింట్లోకి పోయింది.

పొద్దుగూకకముందే పాట ప్రేమ్ రాజ్‌కు చేరింది. ఈసారి ఫోను రాలేదు. రాలేదంటే మంచికో చెడ్డకో తెలియక అరుణ్ అన్నం మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం వాన వచ్చి వెలిసింది. బాటంతా ఎర్రమట్టి వాసన, వేపాకు వాసన. ముందు పోతరాజు, వెనుక మొగులయ్య జట్టు, ఆ వెనుక బోనాలు ఎత్తుకున్న ఆడవాళ్లు, అందరి వెనుక బాక్సులు గోడలా పేర్చిన ప్రేమ్ రాజ్ బండి. కళ్యాణి తల మీద బోనం. ఏ ఇంటి ముందుకు వస్తే ఆ ఇంటివాళ్లు పసుపు నీళ్లు సాక పోసి బోనం ఎత్తిన కాళ్లు తడుపుతున్నారు. తన కూతురి కాళ్లకు తనే నీళ్లు పోయాలి కనుక శివమ్మ చెంబు పట్టుకుని గడపలో నిలబడింది. గడప దాటలేదు. రెండేళ్ల తరువాత తలుపు మాత్రం బార్లా తెరిచింది.

బండి మీద వేరే పాట నడుస్తోంది. కుర్రాళ్లు ఎగురుతున్నారు. ఎవరిదో ఆడగొంతు పాడుతోంది. పాట చివరికి వచ్చి గొంతు తప్పుకుంది. బీటు మాత్రం నడుస్తోంది.

ఆ బీటు కింద చిర్ర దెబ్బ. వెనుకనే కొంచెం ఆలస్యంగా సన్నపుల్ల.

ఎవరికీ తెలియలేదు. ఎగిరేవాళ్లు ఎగురుతూనే ఉన్నారు. శివమ్మ ఎడమ చేతిలో చెంబు ఉంది. కుడి చేతి బొటనవేలు తనంతట తానే నడిచింది. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. చెంబు చేయి మార్చుకుంది. రెండో చెయ్యి. పాత బీటు ఎప్పుడు తప్పుకుందో తెలియదు. డప్పు ఒక్కటే మిగిలింది. చిటికెన వేలి కొస దగ్గర పాట లేచింది.

ఒక్క అడుగు తడబడలేదు. ఒక్క బోనం ఒరగలేదు.

"పాట ఎప్పుడు మారిందే?" అన్నది రాములమ్మ పక్క గడప నుంచి. "నేనైతే చూడనేలేదు!"

శివమ్మకు ఆ మాట చాలు. లోకంలో ఇంతకు మించిన మెప్పు లేదు.

అప్పుడు ముందు నడుస్తున్న మొగులయ్య ఆగాడు. డెబ్బై ఏళ్ల మనిషి. మెడ తిప్పి బాక్సుల వైపు చూశాడు. "ఓర్నీ! గది మా శంకరిగాని దెబ్బ కాదురా?" అని చిర్ర పైకెత్తాడు. ఎక్కడ కలవాలో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తన జట్టుతో వచ్చి కలిశాడు. బండి మీది డప్పు, బాట మీది డప్పులు ఒక్కటైపోయాయి. ప్రేమ్ రాజ్ బండి మీద నుంచి రెండు చేతులూ ఎత్తాడు.

పాట నడిమికి వచ్చింది. అంతా ఒక్కసారి ఆగింది. బాక్సుల నుంచి ఆడగొంతు ఒకటి ఉరిమింది.

"పెండ్లికూతురు తండ్రివి! సిగ్గులేదా? డప్పు కింద పెట్టు!"

ఆ మాటకు జవాబుగా శంకరయ్య డప్పు ఫెళ్లున విరుచుకుపడింది. కింద పెట్టనన్నట్టు, ఎన్నటికీ పెట్టనన్నట్టు. ఊరు ఊరంతా గొల్లుమన్నది. "శివమ్మ! శివమ్మ తిట్టు!" అని కేకలు. మొగులయ్య కొడుతూనే నవ్వుతున్నాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటున్నాడు. కళ్యాణి తల మీద బోనంతో నవ్వు ఆపుకోలేక కాళ్లు కదపలేక తమ ఇంటి మెట్టు ముందే నిలబడిపోయింది.

శివమ్మ నెత్తి కొట్టుకుంది. "వీని పాడుగాను! తీసెయ్యమంటే నడి బజార్ల పెట్టిండు!"

పళ్లు ఇకిలిస్తూ అల్లుడు గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు. దెబ్బలు తినడానికి సిద్ధపడిన మనిషి నవ్వు అది. "ముంగట తీసిన అత్తమ్మా. నడుమల తీయమనలే కదా నువ్వు?"

ఆమె అతని ముఖం చూసింది. కొంగు తల మీద నుంచి ఎప్పుడో జారిపోయింది, సవరించుకోలేదు. అతను సరిగ్గా మెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు. అతని పక్క నుంచే వంగి చెంబెడు నీళ్లు కూతురి కాళ్ల మీద పోసింది. చెంబు గడపలో పెట్టింది.

"అల్లుడా, జర జరుగు" అన్నది. "జాగియ్యి."

అతను పక్కకు తప్పుకున్నాడు. పాట చివరికి వచ్చి, బాట మీద శంకరయ్య వట్టి దెబ్బకు దిగాడు, వచ్చేవాళ్ల కోసం. శివమ్మ మెట్టు మీద నిలబడి వేళ్లు ఎంచింది. రెండు చేతులూ నిండాక అడుగు వేసింది.